2025 వార్షిక నివేదిక: వీజ్న్, బతుకమ్మ, మధ్యలో మన సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, వేసవి పిక్నిక్ గురించి కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అన్నీ బాగానే జరిగాయి, సంక్రాంతికి అరిసెలు మాత్రం చాలలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. ఈ ఏడాది కమిటీకి అసలు పని పడింది సెప్టెంబర్ 20 నుంచి అక్టోబర్ 5 దాకా, పదహారు రోజులు.

సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ, 30న సద్దులు, అక్టోబర్ 2న దసరా. మ్యూనిక్‌లో 190వ అక్టోబర్‌ఫెస్ట్ (బీరు ఉత్సవం, ఇక్కడివాళ్ల మాటలో ‘వీజ్న్’) కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ రెండు వారాల్లో హోటల్ రేట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. బతుకమ్మకు వేరే ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలను సభ్యుల ఇళ్లలోనే సర్దాం. చోటిచ్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు.

వీజ్న్ అంటే తాగుడే అనుకుని పిల్లలున్న వాళ్లు ఏటా దూరంగా ఉండిపోతున్నారు. అందుకే ఈసారి మంగళవారం, 23న, బడి అయ్యాక పిల్లలను తీసుకెళ్లాం. మంగళవారాలు అక్కడ ఫ్యామిలీ డే, సాయంత్రం దాకా రైడ్లకు రేటు తగ్గిస్తారు. మైదానంలోకి టికెట్ లేదు. పాతకాలపు రంగులరాట్నాలుండే ‘ఓయిడె వీజ్న్’ భాగానికి మాత్రం 4 యూరోలు, అవి దండగ కాలేదు. పిల్లలకు చక్కెర పాకం పట్టిన వేడి బాదంపప్పు తెగ నచ్చింది. ఒక అమ్మమ్మ గారు ఒకటి నోట్లో వేసుకుని, ‘మన జీళ్ల పాకమే, కాస్త ముదిరింది’ అని తేల్చేశారు. పెద్ద సంచులను గేటు దగ్గరే ఆపేస్తారని ముందే చెప్పినా కొందరు డైపర్ బ్యాగులతో వచ్చి ఇబ్బంది పడ్డారు. మూడు లీటర్లకు మించిన సంచి లోపలికి పోదు. శనివారాల్లో స్ట్రోలర్‌ కూడా వద్దంటారు. ఆరేళ్లలోపు పిల్లలు రాత్రి 8 తర్వాత బీరు టెంట్లలో ఉండకూడదు. వచ్చేసారి వెళ్లేవాళ్లు ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

ఇక బీరు టెంట్‌లో పెద్దల టేబుల్ సంగతి. ఒక్కో టేబుల్‌కు పది మంది. కూపన్లు ముందే కొనాలి. లీటరు బీరు గ్లాసు, అంటే ‘మాస్’, ఈసారి 14.50 నుంచి 15.80 యూరోలు. మన లెక్కలో దాదాపు పదిహేను వందల రూపాయలు! తాగని వాళ్ల కూపన్లు చికెన్‌కు, చీజ్ వేసిన ఇక్కడి నూడుల్స్ ష్పెట్స్‌లెకు సరిపెట్టాం.

మన టేబుల్ అక్టోబర్ 1, బుధవారం మధ్యాహ్నానికి. సగం రోజు సెలవు పెట్టుకుని అందరూ తయారయ్యారు. పొద్దున్నే నగరం ఉత్తరాన ఒక ఇంట్లో పేలుడు, ఆ వెంటనే వీజ్న్‌కు బాంబు బెదిరింపు. మైదానం మూసేశారు. మన వాట్సాప్ గ్రూపులో ఆ రెండు గంటలు పుట్టిన పుకార్లు ఇక్కడ రాయదగ్గవి కావు. ఇలాంటప్పుడు పోలీసుల ప్రకటన తప్ప ఇంకేదీ ఫార్వర్డ్ చేయొద్దని కమిటీ గట్టిగా కోరుతోంది. డిర్న్‌డల్, లెదర్‌హోజన్ వంటి ఇక్కడి సంప్రదాయ దుస్తులు వేసుకున్న వాళ్లంతా దిక్కుతోచక ఒక సభ్యురాలి ఇంటికి చేరారు. ముందు రోజు సద్దుల బతుకమ్మ వాళ్లింట్లోనే. పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరన్నం మిగిలే ఉన్నాయి. డేలియా, ఆస్టర్, బంతిపూలతో పేర్చిన బతుకమ్మ బాల్కనీలో నీళ్ల టబ్బులో ఇంకా తేలుతూనే ఉంది. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు కదా. సాయంత్రం అయిదున్నరకు మైదానం తెరిచారని తెలిసి సగం మంది వెళ్లారు. మిగతావాళ్లు సద్ది వదిలి కదల్లేదు. ఆ కూపన్ల డబ్బు గురించి టెంట్ వాళ్లతో ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి, తేలాక చెబుతాం.

అంతకుముందు, సెప్టెంబర్ 27 శనివారం, జనం మరీ ఎక్కువై మైదానాన్ని కాసేపు మూసేశారు. ఆ తొక్కిడిలో మనవాళ్లు కొందరు ఇరుక్కున్నారు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మొత్తం పదహారు రోజుల్లో 65 లక్షల మంది వచ్చారట. ఇకపై సంఘం తరఫున శనివారం ఎవరినీ తీసుకెళ్లకూడదని తీర్మానించాం.

2026లో అధిక మాసం ఉంది కాబట్టి దసరా అక్టోబర్ 20కి జరుగుతోంది. వీజ్న్ అక్టోబర్ 4తోనే అయిపోతుంది. బతుకమ్మకు హాలు కోసం ఈ నెలలోనే అడ్వాన్స్ కడుతున్నాం, వీలున్నవాళ్లు సభ్యత్వ రుసుము త్వరగా పంపండి.

ఇట్లు,
కార్యదర్శి