శేషశాయి కాపురమున్న పులుల అడవి

ప్రియమైన మురళీ,

పులి కనబడిందా అని నీవు మొదటే అడిగావు కాబట్టి ఆ ముచ్చట ముందే తీర్చేస్తాను: కనబడింది. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ పులుల అడవిలో, తాలా జోన్ అనే భాగంలో, వెదురు పొదల అవతల దుప్పి ఒకటి తోక నిక్కించి కూయగానే మా గైడు జిప్సీ (సఫారీ జీపు) ఆపించాడు. కాసేపటికి ఒక ఆడపులి బాట మీదికి వచ్చి, మమ్మల్ని కన్నెత్తి అయినా చూడకుండా, ఒక చెట్టు మొదట మూత్రం చిమ్మి హద్దు చాటుకుని సాలవృక్షాల నడుమకు వెళ్ళిపోయింది. ఆ వెంటనే నలువైపుల నుంచీ జిప్సీలు ఎగబడిన తీరు మాత్రం నాకు రోత పుట్టించింది.

నా మనసు దోచుకున్నది శేషశాయి. అడవి నడుమ నిటారుగా లేచిన కోటకొండ వాలులో, పదవ శతాబ్దంలో ఇసుకరాతిని మలచి తీర్చిన ఆ విష్ణుమూర్తి 30 అడుగులకు పైబడిన పొడవున, ఒళ్ళంతా నాచు పట్టి, తీరికగా పవళించి ఉన్నాడు. ఆయన పాదాల చెంత పుట్టే చరణగంగ అనే ఏరు ముందున్న కోనేటిని నింపి కిందికి పారుతుంది. ఆ తడికే పచ్చిక, ఆ పచ్చికకే దుప్పులు, వాటి కోసమే పులి. స్వామి పాదాలు కడిగిన నీటిని పులి తాగే చోటు ఇంకెక్కడుంటుంది చెప్పు!

కలచురి రాజు యువరాజదేవుని మంత్రి గొల్లకుడు ఈ కొండ మీద మత్స్య, కూర్మ, వరాహ మూర్తులను చెక్కించినట్లు శాసనాలున్నాయి. శాసనాలంటే చెవి కోసుకునే నీకు ఇక్కడ ఒక తీగ దొరుకుతుంది: గుంటూరు సీమలోని మల్కాపురంలో ఉన్న 1261 నాటి శాసనం, కలచురుల సీమ అయిన డాహలమండలంలో సద్భావశంభువనే శైవాచార్యుడికి మూడు లక్షల గ్రామాలిచ్చిన యువరాజదేవుణ్ణి తలచి, ఆ ఆచార్యుని గోళకీమఠమనే శైవమఠ పరంపరకే చెందిన విశ్వేశ్వరశంభువుకు రుద్రమదేవి మందడం గ్రామాన్ని ధారపోసిన సంగతి చెబుతుంది. మూడు లక్షలన్నది కవి ధారాళమే అనుకో. అయినా ఈ అడవి మన కృష్ణ ఒడ్డుకు ఇంత దగ్గర చుట్టమని నేను అనుకోలేదు.

కొండల్లో ఇంతకంటే పాతవైన గుహలు, బ్రాహ్మీ రాతలు చాలా ఉన్నాయి. 1938 తరువాత మళ్ళీ 2022లోనే పురావస్తు శాఖ ఈ అడవిని గాలించి, 26 గుహలను, 24 బ్రాహ్మీ శాసనాలను నమోదు చేసింది. గుహల్లో ఎక్కువ భాగం బౌద్ధులవట. మనబోటి వాళ్ళను వాటి దగ్గరికి పోనివ్వరు. కోట పైకి కూడా మామూలు రోజుల్లో అనుమతి లేదు, కృష్ణాష్టమి నాడు మాత్రం రామజానకి గుడికని జనాన్ని ఎక్కనిస్తారు.

అడవిదున్నలను కూడా చూశాను. ఇక్కడ అవి పూర్తిగా కనుమరుగైతే, 2011-12లో కాన్హా నుంచి 50 దున్నలను తెచ్చి వదిలారు.

నీవు వెళ్ళదలిస్తే జులై నుంచి సెప్టెంబరు వరకు అడవి మూసి ఉంటుందని గుర్తుంచుకో. ఉమరియాలో రైలు దిగి, పర్మిట్ తాలా జోన్‌కే తీసుకుని, శేషశాయి దగ్గరికి తీసుకెళ్ళాలని గైడుతో బయలుదేరక ముందే చెప్పు, లేకపోతే పులి కోసమే తిప్పుతాడు. ఈలోగా నేను సంక్రాంతికి ఊరికి వస్తున్నాను, నీ బండి సిద్ధంగా ఉంచితే మల్కాపురం వెళ్ళి ఆ శాసనస్తంభాన్ని చూసి వద్దాము.

నీ
రఘు