నీ నవ్వే గట్టిగా వినిపించింది

ఒరేయ్,

చూడమని నువ్వు చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన షిట్స్ క్రీక్ అనే కామెడీ సీరియల్ మొత్తానికి మొదలుపెట్టాను. మొదటి నాలుగైదు ఎపిసోడ్లకి నిన్ను బాగా తిట్టుకున్నా. ఆ తర్వాత ఎప్పుడు అలవాటైపోయిందో తెలీదు, ఇప్పుడు ఐదో సీజన్‌లో ఉన్నా. నిన్న అందులోని ప్యాట్రిక్ అమ్మానాన్నలు వచ్చే ఎపిసోడ్ మధ్యలోనే టీవీ కట్టేశాను, ఇవాళ ఇది రాస్తున్నాను. ఫోన్ చేద్దామనే అనుకున్నా గానీ, ఫోన్లో అయితే జోకులేసి తప్పించుకుంటాను. నా సంగతి నీకు తెలుసుగా.

ముందు ఒక పాత సంగతి. కాలేజీ రోజుల్లో టీవీలో ఒక కామెడీ సీన్ వచ్చింది, గుర్తుందా? సీన్ పేరు అక్కర్లేదు, అవన్నీ ఒకటే. మణికట్టు వంచి, గొంతు సాగదీసి, నడుం తిప్పుకుంటూ ఒకడొస్తాడు, హీరో మీద చెయ్యేస్తాడు, హీరో జడుసుకుని పారిపోతాడు. 'తేడా' అనే మాట ఒకటి పడుతుంది. రూమంతా పగలబడి నవ్వాం. "రేయ్, వీడు నీకోసమే వచ్చాడ్రా" అని నీ వీపు మీద ఒకటి చరిచింది నేనే. అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి గానీ నువ్వు గే అన్న అసలు విషయం నాకు చెప్పలేదు. ఎందుకింత ఆలస్యం అని అప్పుడు నేను అలిగాను కూడా. సిగ్గులేకుండా.

ఆ సీన్లలో ఆ మనిషికి ఇల్లుండదు, ఉద్యోగం ఉండదు, చాలాసార్లు పేరు కూడా ఉండదు. హీరో మగతనం కళ్ళకు కట్టడానికి పక్కన నిలబెట్టిన దిష్టిబొమ్మ, అంతే. ఇంకాస్త మర్యాద తెలిసిన సీరియళ్ళలో హీరోయిన్‌కి చీరలు సెలెక్ట్ చేసే స్నేహితుడవుతాడు. ఆమె ఏడిస్తే ఓదారుస్తాడు. వాడెప్పుడు ఏడుస్తాడో ఎవరూ అడగరు. మరీ సీరియస్ కథ అయితే చివర్లో చచ్చిపోతాడు.

నిన్నటి నుంచి ఊరికే ఉండలేక పాత సంగతులు తిరగేశాను. 1967లో అమెరికాలో సీబీఎస్ ఛానెల్ గే మగవాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ వేసింది. అందులో మాట్లాడిన ఒకాయన్ని ముఖం కనపడకుండా కుండీలో మొక్క వెనకాల కూర్చోబెట్టారు. మొక్క వెనకాల రా! నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అయితే 1971లోనే ఆల్ ఇన్ ది ఫ్యామిలీ అనే కామెడీ సీరియల్ వాళ్ళు భలే పని చేశారు. ఇంటి పెద్ద ఆర్చీ, అల్లుడి స్నేహితుడి సుకుమారం చూసి వాడు గే అని తేల్చేస్తాడు. తీరా చూస్తే వాడు కాదు. ఆర్చీ రోజూ కలిసి తాగే, ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడిన కండల వీరుడు, అతను గే. ఆర్చీ నమ్మడు గాక నమ్మడు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఆ ఎపిసోడ్ చూసి చిరాకుపడ్డ మాటలు వైట్‌హౌస్ టేపుల్లో ఉన్నాయట. మణికట్టు వంపుకీ మనిషి మనసుకీ సంబంధం లేదని యాభై ఏళ్ళ కిందటే చూపిస్తే, మన కామెడీవాళ్ళు ఇంకా మణికట్టు దగ్గరే ఆగిపోయారు.

జోకు ఉన్నంతవరకు ఎవరికీ బాధ లేదు, ప్రేమ చూపిస్తేనే గొడవ. 1989లో అమెరికా సీరియల్ థర్టీసమ్‌థింగ్‌లో ఇద్దరు మగాళ్ళు మంచం మీద పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే. ముట్టుకోను కూడా లేదు. దానికే ప్రకటనలవాళ్ళు వెనక్కి తగ్గి, ఛానెల్‌కి పది లక్షల డాలర్లకు పైగా పోయాయి. డాసన్స్ క్రీక్ అనే ఇంకో సీరియల్‌లో ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి ప్రేమగా ముద్దు పెట్టుకోవడానికి 2000 దాకా ఆగాల్సొచ్చింది. 2009లో మొదలైన కామెడీ సీరియల్ మోడర్న్ ఫ్యామిలీలో మిచెల్, క్యామరన్ ఒక పాపని పెంచుకుంటుంటారు, తెగ పోట్లాడుకుంటారు, కానీ మొదటి సీజన్‌లో ఒక్క ముద్దూ లేదు. ప్రేక్షకులు గోల పెట్టాక రెండో సీజన్‌లో ఒకటి పెట్టారు, అదీ వేరేవాళ్ళ సీన్ నడుస్తుంటే వెనకాల ఎక్కడో. నాకైతే ఆ ఇద్దరి పోట్లాటలే ఇష్టం. నువ్వేమో క్యామరన్‌ది ఓవరాక్షన్ అంటావు. ఈ విషయంలో మనకి కుదరదు, వదిలెయ్.

షిట్స్ క్రీక్ దగ్గరికొస్తే, అందులో ప్యాట్రిక్ ప్రేమించే డేవిడ్‌ని నేను గే అంటే నువ్వు సరిచేస్తావని తెలుసు. సీసా మీద లేబుల్ కాదు, లోపలి వైన్ ముఖ్యం అని వాడే చెప్పాడుగా, అంటే ఆడా మగా అని కాదు, మనిషే ముఖ్యమని. గే అంటే ప్యాట్రిక్. ఆ ఊళ్ళో వాళ్ళిద్దరి ప్రేమని చూసి ఒక్కడు కూడా ముఖం చిట్లించడు. రాసిన డాన్ లెవీ కావాలనే అలా పెట్టుకున్నాడట. ఇది మరీ కలలా ఉందే అని మొదట అనిపించింది. కానీ ఎవడూ కొట్టడు, ఎవడూ వెలివేయడు అని తెలిసిపోయాక, వాళ్ళు మామూలు మనుషుల్లా చిన్నచిన్న విషయాలకి టెన్షన్ పడటం చూడటానికి మనకి తీరిక దొరికింది. పుట్టినరోజు పార్టీ, వ్యాపారం, ఎవరి స్వెటర్ బాగుంది, ఎవరిది బాలేదు.

ఇక ఆ అమ్మానాన్నలు. కొడుకు సంగతి తెలిసి వాళ్ళ ముఖాలు వాడిపోతే, ఇక మొదలైంది అనుకున్నా, డేవిడ్ లాగే. తీరా వాళ్ళ బాధేంటంటే, మాకు చెప్పుకోలేననిపించేలా మేమేం చేశాం అని. అక్కడే టీవీ కట్టేశాను. వాళ్ళకి ఆ ప్రశ్నకి జవాబు దొరికిందో లేదో గానీ, నాకు నా చెయ్యి, నీ వీపు గుర్తొచ్చాయి.

దీనికి జవాబు రాయక్కర్లేదు. ఆరో సీజన్ మాత్రం ఒక్కణ్ణీ చూడను, నువ్వొచ్చేదాకా ఆపుతున్నా. ముందే చూసేశావు కాబట్టి ఏం జరుగుతుందో చెప్పావంటే మాత్రం ఊరుకోను.

నీ,
నేనే