పాచి అంతా పీడ కాదు

సంపాదకుడు గారికి,

ఈ ఖరీఫ్‌లో మా ఊళ్లో యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టారు. మా తమ్ముడికి రెండో రోజు సాయంత్రానికి ఒక్క సంచి దొరికింది. అది ఇంట్లో దించి వాడు చేసిన మొదటి పని, మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) గోనెగుడ్డలో మూటకట్టి మడవ దగ్గర నీళ్లలో వెయ్యడం. మడిలో పాచి పడుతోందట!

చిక్కు మన మాటలోనే ఉంది. గోడకు పట్టేదీ నాచే, చెరువులో తేలేదీ నాచే. పీచులా అల్లుకుని లేత నాట్లను వంచేసే రకం పోవాల్సిందే, కాదనను. కానీ అదే నీళ్లలో నీలి ఆకుపచ్చ శైవలాలు (ఇవీ ఒక రకం పాచే) కూడా ఉంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందే ఎరువుగా మార్చేవి అవే. వరి మడుల సారం వెనుక వీటి పాత్రను పి.కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. మైలుతుత్తానికి మంచీ చెడూ తెలియదు, వాటినీ చంపేస్తుంది.

ఉష్ణమండలంలో ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే కొండ అడవుల్లో చెట్ల కొమ్మలకు పచ్చటి మెత్తలా పట్టే, మాస్ అనే చిన్న మొక్కల మీద కూడా ఈ జాతి జీవులే కాపురముంటాయి. అక్కడ సంచి మోసేవాడు లేడు, క్యూ లేదు. మంచు తడి ఆరితే మాత్రం వాటి పని ఆగిపోతుంది. మన మడిలో తడికి లోటేముంది? (వంశధార కాలువ నీరందని చివరి ఊళ్ల సంగతి వేరే లెండి.)

అన్నీ కుదిరితే ఇవి ఎకరానికి పది, పన్నెండు కిలోల నత్రజని ఇస్తాయని లెక్క. 45 కిలోల యూరియా సంచిలో ఉండేది దాదాపు 21 కిలోలు. అంటే సుమారు సగం సంచి. యూరియా పూర్తిగా మానెయ్యమని నేను అనడం లేదు. అయితే అది ఎక్కువైతే ఈ శైవలాలు నత్రజని పట్టడం తగ్గించేస్తాయని రైతుకు చెప్పేవాళ్లు కావాలి.

నీళ్ల మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లాదీ ఇదే కథ. దాని ఆకు గదుల్లో అనబీనా అనే శైవలం ఉంటుంది. మా వైపు దాన్ని గేదెలకు మేపడమే తెలుసు, మడిలో వదలడం తక్కువ.

నైరలో వ్యవసాయ కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గర్లోనే ఉన్నాయి. వాళ్ల సలహాతో రైతు సేవా కేంద్రాల్లో శైవలాల ఎరువు, అజొల్లా విత్తనం ఉంచాలి. ఏ పాచిని తీయాలో, దేన్ని వదలాలో సిబ్బంది మడి గట్టు మీదే చూపించాలి. అదీ నాట్లకు ముందు, జూన్‌లో. ఆగస్టులో క్యూలో నిలబడ్డవాడికి చెబితే తిడతాడు.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా