ఎంపీ4 అంటే డబ్బా మాత్రమే

సంపాదకులకు నమస్కారం. మీ కంప్యూటర్ పేజీలో ఎంపీ4ని 'వీడియో ఫార్మాట్' అని ఒక్క ముక్కలో తేల్చేశారు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడేది సరిగ్గా అక్కడే. ఎంపీ4 ఒక డబ్బా లాంటిది, అంటే కంటైనర్. లోపల దృశ్యాన్ని హెచ్.264 అనే కోడెక్‌తో (కుదించి, మళ్లీ విప్పే పద్ధతి), శబ్దాన్ని ఏఏసీ అనే ఇంకో కోడెక్‌తో కుదించి ఉండొచ్చు, వేరేవాటితోనూ ఉండొచ్చు, లోపలి కోడెక్ ప్లేయర్‌కు తెలియకపోతే ప్లే కాదు, అందుకే ఒక్కోసారి ఒక ఎంపీ4 ప్లే అయిన చోటే ఇంకోటి మొరాయిస్తుంది. అసలు కుదించడం ఎందుకో లెక్క వేసి చూపించండి: 1920×1080 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే కుదించకపోతే, శబ్దం కలపకుండానే సెకనుకు దాదాపు 155 మెగాబైట్లు! ఇంకోటి, ఫొటోలు దాచుకునే ఫార్మాట్లలో జేపీఈజీలో సేవ్ చేసేటప్పుడు పోయిన వివరం మళ్లీ రాదు, పీఎన్‌జీ కుదింపులో ఏదీ పోదు. ఈ తేడా తెలియక పాత ఫొటోలను మళ్లీ మళ్లీ జేపీఈజీగా సేవ్ చేసి పాడుచేసుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. దయచేసి వచ్చే వారం దీని గురించి రాయండి.

- ఒక పాఠకురాలు