మాటలు ఆలస్యమైతే ఊరుకోవద్దు

సంపాదకుల వారికి,

మా మనవడికి రెండేళ్లు నిండినా "అత్త", "తాత" తప్ప మరో మాట రాకపోతే, "మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే" అని ఇంటిల్లిపాదీ సర్దిచెప్పుకొన్నాం; అలా ఆరు నెలలు పోయాయి. ఏడాది దాటేసరికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకు "పాలు కావాలి" వంటి జంట పదాలు సాధారణంగా వస్తాయనీ, రాకపోతే ముందుగా వినికిడి పరీక్ష చేయించాలనీ మాకు ఆలస్యంగా తెలిసింది.

అన్నం తినిపించేటప్పుడు ఫోను చేతికివ్వడం మన విశాఖ అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది (మేమూ ఇచ్చాం). రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, ఆపై నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. తెర మాట్లాడుతుంది గానీ బిడ్డ జవాబు కోసం ఆగదు. ఇప్పుడు రైతుబజారులో వంకాయను చూపి, పేరు చెప్పి, వాడు నోరు మెదిపేదాకా ఆగుతున్నాం. తప్పు పలికితే మందలించకుండా సరైన మాటనే తిరిగి అంటున్నాం. ఇంగ్లీషు రాదేమోనన్న భయంతో ఇంట్లో తెలుగు మానేయడం మాత్రం అనవసరం, రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు.

2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మాటల ఆలస్యాన్నీ వినికిడి లోపాన్నీ గుర్తించే పరీక్షలు ఉచితం. ఆ సంగతి నగరంలోని ప్రతి అంగన్‌వాడీ గోడ మీద, టీకాలు వేసే చోట పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తాత,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం