గొట్టం మీద గీతలెందుకు?

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట మీ ఆరోగ్య పేజీలో గుండెల్లో మంటకు జీలకర్ర నీళ్లు, మజ్జిగ తాగమని రాశారు. సంతోషం. పన్నెండేళ్లు నేనూ అవే తాగాను. తోడుగా వీధి చివర మందుల దుకాణంలో గ్యాస్ బిళ్లలు. చీటీ సంగతి అటుంచి, నోరు తెరిచి అడగాల్సిన పని కూడా ఉండేది కాదు. నన్ను చూడగానే అట్ట తీసి బల్ల మీద పెట్టేవాడు.

అల్లుడి పోరు పడలేక నాలుగేళ్ల కిందట ఎండోస్కోపీ చేయించుకుంటే ‘బారెట్స్ ఈసోఫేగస్’ అన్నారు. ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నడంతో అన్నవాహిక కింది భాగంలో అసలు పొర పోయి, పేగు పొరలాంటిది పుడుతుందట. క్యాన్సర్ కాదు. కణాల్లో డిస్‌ప్లేసియా, అంటే క్యాన్సర్ వైపు దారితీసే మార్పు, లేకపోతే ఏడాదికి నూటికి ఒక్కరికైనా క్యాన్సర్‌గా మారదు. కానీ కనిపెట్టి ఉండాలి.

ఎలా కనిపెట్టాలి? నాకిచ్చిన రిపోర్టులో జబ్బు పేరు తప్ప అంకె లేదు. మారిన పొర చుట్టూతా ఎంత, నాలుకలా పైకి పాకింది ఎంత అని రాయడానికి 2006 నుంచీ ప్రాగ్ కొలత ఉంది. ఎండోస్కోపీ గొట్టం మీదే సెంటీమీటర్ల గీతలుంటాయి, అలంకారానికా? ప్రతి రెండు సెంటీమీటర్లకూ నాలుగు వైపులా బయాప్సీ ముక్కలు తీయాలంటుంది సియాటిల్ పద్ధతి. నాకు తీసింది ఒక్కటి. లెక్కల మాస్టరుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. మెట్లు రాయకుండా జవాబు మాత్రమే రాసినవాడికి నేనెన్నడూ పూర్తి మార్కులు వేయలేదు.

మళ్లీ ఎప్పుడు రావాలంటే, ‘మంట వస్తే రండి’ అన్నారు. బిళ్ల వేసుకుంటే మంట తగ్గుతుంది, పొర మాత్రం అక్కడే ఉంటుంది! మొన్న వేరే ఊళ్లో చూపించుకుంటే అది నాలుగు సెంటీమీటర్లని తేలింది. ఎనిమిది ముక్కలు తీశారు. డిస్‌ప్లేసియా లేదు, బతికాను. మూడు సెంటీమీటర్లు, ఆపైన ఉంటే మూడేళ్లకోసారి, అంతకు తక్కువైతే అయిదేళ్లకోసారి చూడాలట. అంటే నేను ఏడాది ఆలస్యం. ఆ పాత ఆసుపత్రి మాత్రం ఏటా నా పుట్టినరోజున ఫోనుకు పూలగుత్తి బొమ్మ తప్పకుండా పంపుతోంది. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. కుళాయి పన్ను బకాయికి మూడు నోటీసులు పంపే మునిసిపాలిటీ వీళ్లకన్నా నయం.

యాభై దాటి, ఏళ్లుగా మంటతో ఉన్న మగవాళ్లు, అందులోనూ పొగతాగేవాళ్లు, బొజ్జ ఉన్నవాళ్లు ఎండోస్కోపీ గురించి ఒకసారి డాక్టరును అడగాలని వచ్చే ఆదివారం ఆ జీలకర్ర పక్కనే రెండు ముక్కలు వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి