వంకాయ మానితే ఒళ్లునొప్పులు పోవు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఒళ్లునొప్పులు, నీరసం గురించి వచ్చిన వ్యాసం చదివాను. వంకాయ, టమాటా, బంగాళాదుంప, చింతపండు మానేయాలట. ఓట్స్, కినోవా, అవకాడో తినాలట. రోజుకు పది వేల అడుగులు నడవాలట. ఇవన్నీ చేస్తే నొప్పి మాయమవుతుందట. నేను కంచరపాలెంలో జాకెట్లు కుట్టి బతికే మనిషిని. ఏళ్లుగా ఫైబ్రోమయాల్జియాతో, అంటే ఒళ్లంతా విడవని నొప్పులు, నీరసం ఉండే జబ్బుతో ఉన్నాను. అలాంటి వ్యాసాలు ముందుగా చదివేది మావంటి వాళ్లమే కనుక ఈ ఉత్తరం.

తిండి మార్చుకోవడం వల్ల నాకు మేలు జరిగింది, కాదనను. కానీ ఏదో మానడం వల్ల జరగలేదు, వేళకు తినడం వల్ల జరిగింది. మా పనిలో మధ్యాహ్న భోజనం ఎప్పుడూ 'ఈ చేతులు అతికించాక' అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆకలిని టీతో చంపేస్తాం. తిన్నా, దాని వెంటే మళ్లీ టీ. భోజనంతో టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇప్పుడు పొద్దున్నే మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, పక్కన ఉల్లిపాయ. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కవళ్లు, కానాగంతల వంటి చేపలు చవకగా దొరికితే అవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి అప్పుడు గుడ్లు, పెసలు. వంకాయ మానలేదు. ఈ జబ్బుకు ఇదే పథ్యమని తేలినది ఏదీ లేదని డాక్టరుగారు మొదటే చెప్పారు. మా అత్తగారు మాత్రం నమ్మరు, గుత్తివంకాయ వండిన రోజు నా పళ్లెం వైపు ఆవిడ చూసే చూపే వేరు.

పథ్యాల కన్నా ముందు చెప్పవలసినవి పరీక్షలు. ఆ మాటే వ్యాసంలో లేదు. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా, బి12, డి విటమిన్లు పడిపోయినా ఇటువంటి నొప్పులే, ఇదే నీరసం. వాటికి మందులున్నాయి. చికున్‌గున్యా తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేయడం 2006లో మన రాష్ట్రమంతా చూసింది. నా జబ్బు ఎక్స్‌రేలో కనబడదు, రక్తపరీక్షలో దొరకదు. అందుకే ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, మందుల దుకాణంలో అడగకుండానే నొప్పి మాత్రలు చేతిలో పెడతారు. డైక్లోఫెనాక్ మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ముప్పు. దాని మీద ఒక పేజీ వేయండి, చదువుతాం.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ నిలబెట్టింది పనిని ముక్కలు చేసుకోవడం. ఒంట్లో బాగున్న రోజే మాకు ప్రమాదం. పేరుకున్న పనంతా ఆ రోజే మీద వేసుకుంటాం, మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగలేం. పనిలో కూర్చునే ముందు అలారం పెట్టుకుని, అది మోగితే, బాగున్నా సరే లేవాలని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నియమం పెట్టింది. చేయి జోరుగా నడుస్తున్నప్పుడు సగం కుట్టులో, గుడ్డ జారకుండా సూదిని దించి ఉంచి లేవడం ఎంత కష్టమో కుట్టేవాళ్లకు తెలుసు. నేల మీద వంగి కత్తిరించడం మానేశాను. పాత తలుపు రెక్కను నడుము ఎత్తున రెండు బల్లల మీద పరిపించాను. ఏ నూనె మర్దనా ఇవ్వని సుఖం ఆ తలుపు ఇచ్చింది. సాయంత్రం టీ మానాక నిద్ర కొంత కుదిరింది.

నడక మంచిదే. 2017లో ఐరోపా కీళ్ల వైద్యుల సంఘం ఈ జబ్బుకు గట్టిగా సిఫార్సు చేసింది వ్యాయామం ఒక్కదాన్నేనని నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి చదివి వినిపించింది. కానీ పది వేల అడుగులన్నది వైద్యుల లెక్క కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడవనిస్తారు, సంతోషమే, మా వీధి నుంచి అక్కడికి చేరేసరికే నా ఆ రోజు శక్తి సగం పోతుంది. నేను సందు చివరి దాకా నడవడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు రైతుబజారుకు వెళ్లి వస్తున్నాను, బరువు సంచి మాత్రం ఆటోలో.

నొప్పి మాయం కాలేదు. తగ్గింది. ఈసారి ఈ విషయం మీద రాయించేటప్పుడు కీళ్ల వైద్యులతో పాటు మిషన్ ముందు కూర్చునేవాళ్లను, చేపల గంప మోసేవాళ్లను కూడా అడగండి. ఎంత సేపటికి లేవాలి, ఎంత దూరంతో మొదలుపెట్టాలి అన్నవి రాయండి. అవకాడో ధర కూడా వేస్తే మంచిది.

ఒక దర్జీ పాఠకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం